ఎస్తేరు చేతులు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. పేరు వినగానే పెళ్ళి కార్డులాంటిదనో, బ్యాంకువాళ్ళిచ్చే ప్లాస్టిక్ ముక్కలాంటిదనో అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళ తప్పేం లేదు. కంప్యూటరు మూత విప్పి చూసినవాళ్ళకే నేను కనబడతాను. అరచేతిలో పట్టే ఆకుపచ్చ పలక, దాని మీద చీమల బారుల్లాగా సన్నని గీతలు, నడుమ ఒక నల్లని చిప్పు, అది వేడెక్కకుండా నెత్తిన చిన్న ఫ్యాను. తెర మీదికి బొమ్మను పంపడం నా పని. శబ్దం నా వాటా కాదు, దాన్ని వేరేవాళ్ళు చూసుకుంటారు.

నాలో ఇంకొక విద్య కూడా ఉంది. సినిమానో వీడియోనో దాచేటప్పుడు పరుపును చుట్టి తాడుతో బిగించినట్టు కుదించి దాస్తారు. చూసేటప్పుడు ఆ చుట్టను క్షణక్షణమూ విప్పుతూ పోవాలి. కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసరు ఆ పని చేయగలదు గానీ, వంద పనులమధ్య అదొకటి కాబట్టి బరువైన వీడియో వస్తే ఆయాసపడుతుంది. నా చిప్పులో ఒక మూల అచ్చంగా ఆ చుట్ట విప్పడానికే కట్టారు. ఎంత బరువైన వీడియో అయినా నాకు చెబితే చాలు, నీళ్ళు పారినట్టు పారిస్తాను. చెప్పాలి మరి. చెప్పకపోతే నాకై నేను చేయలేను. ఈ కథంతా ఆ చెప్పకపోవడం గురించే.

నేను పుట్టింది సముద్రాల అవతల. తలకు గుడ్డ టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు బల్లల ముందు వరసగా కూర్చుని నాలాంటివాళ్ళను వేలకు వేలు తయారుచేసేవాళ్ళు. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి నన్ను తెరకు తగిలించి ఎరుపు, పచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి చూసి, తలూపి, పక్కకు నెట్టింది. తర్వాత నన్నొక రంగుల పెట్టెలో పెట్టారు. దాని మీద ఇనుప కవచం తొడుక్కున్న ఒక వీరవనిత బొమ్మ, చేతిలో నిప్పులు కక్కే కత్తి. ఆ బొమ్మకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. కానీ మనుషులు పెట్టె చూసి కొంటారు, లోపలిదాన్ని చూసి తిడతారు.

కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక గేముల సెంటరువాళ్ళు నన్ను మొదట కొన్నారు. కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన కుర్రాళ్ళు పొద్దస్తమానం నా ఎదుట తుపాకులు పేల్చుకునేవాళ్ళు. ఎంతమంది చచ్చారో, ఎంతమంది మళ్ళీ లేచారో లెక్కలేదు. అక్కడ కూడా చుట్ట విప్పే విద్యతో ఎవరికీ పని పడలేదు. నాకంటే పెద్ద కార్డు రాగానే నన్ను ఊడదీసి ఒక రిపేరు షాపుకిచ్చారు. గుమ్మం పక్కన అట్టపెట్టెలో, పాత కీబోర్డులమధ్య పడి ఉండగా ధర్మారావుగారు నన్ను చూశారు.

ధర్మారావుగారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసేవారు. నిదానస్తుడు, మాటమీద నిలబడే మనిషి, కొంచెం పంతం ఎక్కువ. దొంగ కాపీ సాఫ్టువేరు ఇంట్లోకి రానివ్వనని ఒట్టు పెట్టుకున్నారు. అందుకని ఆయన కంప్యూటర్లన్నిటినీ నడిపించేది లినక్సనే ఉచిత సాఫ్టువేరే. లినక్సంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "వనభోజనాల్లో తలో చెయ్యీ వేసి వండుకుంటాం చూడండి, అలాంటిది. ఎవరి సొత్తూ కాదు. ఉప్పు తక్కువైతే మనమే వేసుకోవచ్చు" అనేవారు. అడగనివాళ్ళకు కూడా చెప్పేవారు.

ఆయన ఒక చిన్న కంప్యూటరును టీవీ కింద అమర్చి, అందులో పాటలూ సినిమాలూ ఫొటోలూ అన్నీ నింపి, రిమోటుతో నడిచేలా చేశారు. నన్ను కొన్నది దానికోసమే. ఆయన దాన్ని మీడియా సెంటర్ అనేవారు. ఆయన భార్య లోవలక్ష్మి 'మా ఆయన సినిమా పెట్టె' అనేది. తుని దగ్గర పల్లెటూరు మనిషి, నోరు కాస్త జోరు, చూపు అంతకంటే జోరు.

కంప్యూటరుకూ నాకూ మధ్య ఒక దుబాసీ ఉండాలి. దాన్ని డ్రైవర్ అంటారు. లినక్సువాళ్ళు తామే రాసుకున్న డ్రైవరొకటి ఉంది. పాపం, మంచిది. నా లోపలి రహస్యాలు నన్ను చేసిన కంపెనీ ఎవరికీ చెప్పలేదు కాబట్టి వాళ్ళు తడుముకుంటూ, ఊహించుకుంటూ రాశారు. ఆ దుబాసీకి తెర మీద బొమ్మ వేయమని చెప్పడం వచ్చు గానీ, చుట్ట విప్పమని చెప్పడం రాదు. దాంతో ఆ పనంతా ప్రాసెసరు నెత్తినే పడింది. పాత పాటలూ పాత సినిమాలూ తేలికవి గనక నడిచిపోయేవి. "చూశావా, ఎంత బాగా ఆడుతోందో" అని ధర్మారావుగారు భార్యతో అనేవారు. నేను లోపల ఖాళీగా ఉన్నానని ఆయనకు తెలుసు. అవసరం రాలేదు గనక పట్టించుకోలేదు.

ఆ ఇంటికి ఆదివారాలు ధర్మారావుగారి అక్క నూకరత్నం వచ్చేది. సామర్లకోటలో బట్టలు కుట్టే షాపు ఆమెది. పుట్టుకతోనే చెవులు వినబడవు. ఆమె మాటలన్నీ చేతుల్లోనే ఉండేవి. చిన్నప్పుడు కాకినాడలోని బధిరుల హాస్టల్లో చదివింది. చేతులతో మాట్లాడటం మొదలెడితే లోవలక్ష్మి ఒక పక్క నవ్వుతూ ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూ చూసేది. కోడలుగా వచ్చిన కొత్తలో లోవలక్ష్మి మధ్యాహ్నాలు ఆ షాపులో పీట వేసుకుని కూర్చుని ఆ భాషంతా నేర్చేసుకుంది. తోడబుట్టిన ధర్మారావుగారికి మాత్రం తిను, రా, అమ్మ, బస్సు, డబ్బు, నిద్ర ఇలాంటి గుప్పెడు సైగలే వచ్చు. చిన్నప్పుడు ఇంట్లో వాడుకున్నవే. ఇంకా ఏమైనా చెప్పాలంటే భార్యను పిలిచేవారు. అక్క అంటే ఆయనకు ప్రాణం. ప్రాణమైన మనిషితో మాట్లాడటానికి గుప్పెడు మాటలు చాలతాయని ఆయన అనుకున్నారు. మనుషులు ఇలాంటివి అనుకోగలరు.

ఆ షాపు ఒకప్పుడు నూకరత్నం ఒక్కదానిదే కాదు. హాస్టల్లో పక్క మంచం ఎస్తేరు, ఆమె కలిసి పెట్టుకున్నది. ఎస్తేరుకూ వినబడదు. ఇద్దరూ ఎదురెదురు మిషన్ల మీద కుడుతూ, దారం తెగినప్పుడల్లా చేతులు ఖాళీ అయితే మాట్లాడుకునేవాళ్ళట. వార్డెనుకు తెలియకుండా చిన్నప్పుడు తాము కల్పించుకున్న సైగలు వాళ్ళకు వేరే ఉండేవి. కణత మీద వేళ్ళు పెట్టి, అక్కడినుంచి ఏదో పీకి దూరంగా విసిరేస్తే 'మరిచిపో' అని. గాలిలోంచి ఏదో పోగుచేసుకుని తెచ్చి కణత మీద పెట్టుకుంటే 'మరిచిపోలేదు, ఇక్కడే దాచుకున్నాను' అని.

నలభై దాటాక ఎస్తేరు పెళ్ళి చేసుకుంటానంది. విజయవాడలో బధిరుల సభలో కలిసిన దావీదు అనే కావలి వడ్రంగిని. నూకరత్నానికి అది మింగుడుపడలేదు. ఇన్నేళ్ళ తర్వాత పెళ్ళేమిటి, షాపేం కావాలి, నేనేం కావాలి అని దెబ్బలాడింది. సామర్లకోట స్టేషనులో రైలు కదిలేవేళ, కిటికీలోంచి ఎస్తేరు చెయ్యి చాస్తుంటే, ప్లాట్‌ఫారం మీద నిలబడి కణత మీంచి పీకి విసిరేసింది. 'నన్ను మరిచిపో.' అంతే. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. లోవలక్ష్మి ఈ కథంతా వంటింట్లోంచి భర్తకు ఎన్నోసార్లు చెప్పగా నేను విన్నాను.

ఒక ఆదివారం నూకరత్నం ఒక పెన్‌డ్రైవు చేతిలో పట్టుకుని వచ్చింది. కావలినుంచి చర్చి పనిమీద వచ్చిన ఎవరో షాపులో ఇచ్చి వెళ్ళారట. ఎస్తేరు పంపింది. వాళ్ళ భాష కాగితం మీద రాసేది కాదు గదా, అందుకని ఎవరో పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫరుచేత తీయించింది. కొత్త హెచ్‌డీ కెమెరా. బరువైన ఫైలు. నూకరత్నం చీర కూడా కొత్తది కట్టుకుంది. కోపం పోలేదన్నట్టు మొహం మాత్రం పెట్టుకుంది.

"కూర్చో అక్కా, కూర్చో. మన పెట్టెలో ఎలా ఆడుతుందో చూద్దువుగాని" అన్నారు ధర్మారావుగారు. ఆమెకు వినబడదని తెలిసీ అలవాటు మానలేదు.

వీడియో మొదలైంది. మంచం మీద తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఎస్తేరు. బాగా చిక్కిపోయింది. చేతులెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమెవి మొదటినుంచీ వడిగల చేతులట. ప్రాసెసరు ఆ చుట్టను విప్పలేక విప్పలేక విప్పుతోంది. వెనకబడినప్పుడల్లా నడుమ బొమ్మలను పారేసి ముందుకు దూకుతోంది. చెయ్యి ఇక్కడ ఉంటుంది, ఆగుతుంది, మరుక్షణం అక్కడ ఉంటుంది. మధ్యలో అది నడిచిన దారి లేదు. చివరికొచ్చేసరికి మరీ అధ్వాన్నం. ఎస్తేరు వేళ్ళు కణత దగ్గర, తర్వాత దూరంగా గాలిలో, మళ్ళీ కణత దగ్గర, మళ్ళీ దూరంగా. వెళ్తున్నాయో వస్తున్నాయో చెప్పేవాళ్ళు లేరు.

"ఏవండీ, ఆ చేతులేంటి ఎగిరెగిరి పడుతున్నాయి? మధ్యలో ఏదో పోతోంది" అంది లోవలక్ష్మి.

"ఏం పోవట్లేదే. బొమ్మ నడుస్తోందిగా. అసలు ఇందులో సౌండే లేదు."

"సౌండెందుకుంటుందండీ? మాట్లాడేది ఎస్తేరు కదా! మాట తెగిపోతోంది. ఫోనులో మనం హలో హలో అని అరుచుకుంటాం చూడండి, అలాగ."

పాటకు తాళం తప్పితే ధర్మారావుగారు వెంటనే పట్టేసేవారు. చేతికి తాళం తప్పడమంటే ఏమిటో ఆయనకు తెలియలేదు. రెండోసారి వేశారు. ఈసారి నూకరత్నం చివరిదాకా చూడనేలేదు. మధ్యలోనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోవలక్ష్మి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే, తిరిగి చేతులతో అంది: "నా మాటే నాకు తిప్పికొట్టింది. మరిచిపొమ్మంటోంది. అది చెప్పడానికే ఇంత ఖర్చుపెట్టి పంపింది."

"అలా అని ఉండదు వదినా. సరిగా కనబళ్ళేదు" అని లోవలక్ష్మి చేతులతో బతిమాలింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. బొమ్మ తెగినచోట మనిషి తన భయాన్ని పెట్టి అతికించుకుంటుంది. అన్న మాట తనది, గుచ్చుకున్నదీ తనకే. మళ్ళీ అదే వస్తుందని ఇన్నేళ్ళూ ఎదురుచూసినట్టుంది. వచ్చిందనుకుంది.

లోవలక్ష్మి భర్త దగ్గరికి వచ్చింది. "వీధి చివర నెట్ సెంటరుంది కదా. వదినని తీసుకెళ్ళి అక్కడ వేయించి చూస్తాను. వాళ్ళ కంప్యూటర్లు పెద్దవి."

ఆ మాట ధర్మారావుగారికి ములుకులా తగిలింది. "ఇంట్లో ఇంత పెట్టుకుని నెట్ సెంటరుకెళ్తారా? ఆ దొంగ కాపీల మీదా? లోపల కార్డు ఉందే బాబూ, దాన్ని లేపాలి, అంతే. ఓ వారం ఆగండి. అద్దంలా ఆడిస్తాను."

లోవలక్ష్మి ఇంకా ఏదో అనబోయింది. అంతలో నూకరత్నం చెప్పులేసుకుని బయల్దేరింది. పెన్‌డ్రైవు టీవీ పక్కనే వదిలేసింది.

ఆ వారం ఎన్నాళ్ళయిందో ఎలా చెప్పను! కాలేజీనుంచి రాగానే ధర్మారావుగారు నా ముందు కూర్చునేవారు. ఇంటర్నెట్‌లో లినక్సువాళ్ళు చర్చించుకునే ఫోరాల్లో ప్రశ్నలు వేసేవారు. ఎక్కడెక్కడివాళ్ళో జవాబులిచ్చేవారు. ఒకాయన ఒకటి చెబితే ఇంకొకాయన దాన్ని ఖండించేవాడు, ఆపైన వాళ్ళిద్దరూ తిట్టుకుంటుంటే ఈయన ప్రశ్న అడుగున పడిపోయేది. కొందరు, ముందు పుస్తకం చదివి రావయ్యా అనేవారు. మనుషులకు సాయం చేయడమంటే ఇష్టమే. తమకు తెలిసిందని చూపించుకోవడం ఇంకొంచెం ఇష్టం.

నన్ను చేసిన కంపెనీ కూడా ఒక డ్రైవరు ఇస్తుంది. దానికి నా రహస్యాలన్నీ తెలుసు. కానీ లోపల ఏముందో ఎవరికీ చూపించదు. మూత బిగించిన గిన్నె. తలో చెయ్యీ వేసిన వంట తప్ప ముట్టనన్న మనిషి మూత తీయని గిన్నెలో కూర తింటాడా? ఆ సందిగ్ధంలో చాలా ఆదివారాలు గడిచాయి. నూకరత్నం రావడం మానేసింది. పెళ్ళిళ్ళ రోజులు, కుట్టుపని ఎక్కువగా ఉందని కబురు చేసింది. "వదిన వీడియో ఏం చేశారు?" అని లోవలక్ష్మి అడిగినప్పుడల్లా "అవుతోంది" అనేవారు. రానురాను ఆయన పట్టుదల నామీద నిలిచిపోయి, దేనికోసం మొదలుపెట్టారో అది పక్కకు జరిగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. చిక్కుముడి కనబడితే ముడి విప్పేదాకా తాడు ఎవరిదో గుర్తుండని మనుషులు కొందరుంటారు.

చివరికి మనసు రాయి చేసుకుని కంపెనీ డ్రైవరే ఎక్కించారు. మరునిమిషం తెర నల్లబడింది. మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టారు. బొమ్మ వచ్చింది. తర్వాత లినక్సు తనంతట తాను ఏదో కొత్తది తెచ్చుకోగానే మళ్ళీ నల్లబడింది. మళ్ళీ సరిచేశారు. అన్నీ సరిగానే ఉన్నాయి, దుబాసీకి నా భాష వచ్చు, నేను సిద్ధం. అయినా వీడియో ఆడించే ప్లేయరు నన్ను పిలవడం లేదు. ఎందుకంటే నా తలుపు తట్టడానికి దానికి అనుమతి లేదట! ఎవరెవరు నన్ను వాడుకోవచ్చో రాసే వరుసలో దాని పేరు చేర్చలేదు. ఒక చిన్న పేరు. అది చేర్చిన రోజు పొద్దున్న నేను పుట్టాక మొదటిసారి నా విద్య చేశాను.

పరీక్షించడానికి ధర్మారావుగారు ఇంట్లో ఉన్న అన్నిటికంటే బరువైన ఫైలు వేశారు. అది ఎస్తేరు వీడియో. అక్క కోసమని వేయలేదు, బరువైనదని వేశారు. ఎంత హాయిగా పారిందో ఆ బొమ్మ! ఒక్క వేలి కదలిక పోలేదు. కానీ ఆయన చూస్తున్నది ఎస్తేరును కాదు. తెర మూలన ప్రాసెసరు ఎంత కష్టపడుతోందో చూపించే అంకెను. అది జారి జారి అడుగుకు పడిపోయింది. "అయింది! లక్ష్మీ, అయిందే!" అని చిన్నపిల్లాడిలా కేకేశారు.

లోవలక్ష్మి గోరుచిక్కుళ్ళ పళ్ళెంతో వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. తెర మీద ఎస్తేరు గాలిలోంచి ఏదో పోగుచేసుకుని, నెమ్మదిగా తెచ్చి, కణత మీద పెట్టుకుంటోంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

"ఏవండీ" అంది. పళ్ళెం కింద పెట్టేసింది. "మొదట్నించీ వెయ్యండి."

వేశారు. ఆమె నిలబడే చూసింది. చూస్తూ ఒక్కొక్క మాటే పైకి చెప్పింది.

"రత్నం, కోపం తగ్గిందా... నేను మిషను తొక్కడం మానేశాను... ఒంట్లో బాగోలేదు. మందులకి జుట్టంతా ఊడిపోయింది, చూసి నవ్వకు... నువ్వు ప్లాట్‌ఫారం మీద ఒక పని చెప్పావు. అది నా వల్ల కాలేదు. మరిచిపోలేదు. ఇక్కడే ఉన్నావు, ఇక్కడే... ఒక్కసారి రా. రాకపోతే ఇంకా కోపమేననుకుంటాను. అయినా నేనేమీ అనుకోను. కానీ రా."

ధర్మారావుగారు ఆ అంకెను చూడటం మానేశారు.

ఆ పూటే లోవలక్ష్మి సామర్లకోట వెళ్ళి వదినగారిని తీసుకొచ్చింది. నూకరత్నం తెరకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. వీడియో మొదలయ్యాక ఆమె చేతులు ఒళ్ళో ఉండలేకపోయాయి. ఎస్తేరు అంటున్న ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉంది, తిడుతూ, బుజ్జగిస్తూ. చివరి సైగ వచ్చినప్పుడు మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఎలాంటిదో ఆమెకు తెలియదు. విన్నవాళ్ళకు తెలుసు.

మరునాడే రైలెక్కారు, వదినా మరదళ్ళు. నూకరత్నం సంచిలో రాత్రికి రాత్రి కుట్టిన కొత్త జాకెట్లు పెట్టుకుంది. ఎస్తేరు కొలతలు ఆమె చేతులకు గుర్తే. వీడియోలో చూసిన మనిషికి తగ్గట్టు బిగించి తెచ్చింది.

తిరిగొచ్చాక లోవలక్ష్మి భర్తకు చెప్పింది, అదే గదిలో, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ. వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంట్లో మంచం నిలువుగా గోడకు చేర్చి ఉంది. ఎస్తేరు అంతకుముందు నెలలోనే పోయింది. దావీదు వాకిట్లోనే గుర్తుపట్టాడు, రత్నమే గదా అని. అతను చేతులతో చెప్పిన మాటలు: "గుమ్మంలో నీడ ఏది కదిలినా అటు చూసేది. అద్దె ఆటో అయినా సరే, పాలవాడైనా సరే. మళ్ళీ కబురు చేద్దామంటే వద్దంది. దాని కోపం దానికి ఉండనియ్యి, నేనే వదిలేసి వచ్చాను గదా అంది."

"అక్క ఏమంది?" అని అడిగారు ధర్మారావుగారు.

"ఏమంటుంది? జాకెట్లు మడత విప్పి, ఆ మంచం పట్టె మీద ఒకదాని పక్కన ఒకటి ఆరేసినట్టు వేసి వచ్చేసింది."

తర్వాతి ఆదివారం నూకరత్నం వచ్చింది. ఎప్పటిలాగే తమ్ముడికిష్టమని పెసరట్ల పిండి రుబ్బుకుని తెచ్చింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంటే బావుండుననిపించింది ధర్మారావుగారికి. ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "అక్కా, ఆరోజు నెట్ సెంటరుకి వెళ్ళనిచ్చి ఉంటే..." అని పెదవులు కదిలాయి. ఆమెకు అందలేదు, కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. ఆయన వంటింటి వైపు తిరిగి, "లక్ష్మీ, అక్కతో చెప్పు, ఆరోజు నేను..." అన్నారు.

లోవలక్ష్మి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఈ మాట నేను చెప్పేది కాదండీ. మీరే చెప్పుకోండి."

ఆయన చేతులెత్తారు. తిను, రా, అమ్మ, బస్సు, డబ్బు, నిద్ర. తప్పు అనడానికి ఆయన దగ్గర సైగ లేదు. నా వల్ల అనడానికి లేదు. ఆలస్యం అనడానికి లేదు. యాభై ఏళ్ళ మనిషి రెండు చేతులూ గాలిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. నూకరత్నం కాసేపు చూసి, ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, కూర్చోబెట్టి, పళ్ళెంలో అట్టు వేసింది. అది క్షమించడమో కాదో నాకు తెలియదు. ఆయనకు కూడా తెలిసినట్టు లేదు.

ఆ తర్వాత ఆయన భార్య దగ్గర నేర్చుకోవడం మొదలెట్టారు. వేళ్ళు మొద్దుబారిన వయసు, పొరపాట్లు ఎక్కువ. పాఠం చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఉన్నది ఒకటే వీడియో. లోవలక్ష్మి ఆపుతూ, నడిపిస్తూ చూపించేది. నాకు ఎప్పుడూ లేనంత పని దొరికింది. ఎస్తేరు చేతులను ఎన్నిసార్లు విప్పానో! ఒక్క వేలు కూడా జారిపోనివ్వలేదు. ఎవరికోసం విప్పాలో ఆమెకు అవసరమైనప్పుడు విప్పలేదు గానీ.

చాలాకాలానికి ఆయన అక్కతో ఆ మాట చెప్పగలిగారు, నత్తినత్తిగా, తన చేతులతోనే. ఆమె అంతా ఓపిగ్గా చూసింది. తర్వాత అంది: "నీ పెట్టె ఆరోజు బాగా ఆడి ఉంటే వెళ్ళేదాన్ని. నిజమే. కానీ అంతకుముందు ఇన్నేళ్ళు నీ పెట్టె ఆపిందా నన్ను? రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి గదరా." ధర్మారావుగారికి అందులో సగమే అర్థమైంది. మిగతా సగం లోవలక్ష్మి చెప్పలేక చెప్పలేక చెప్పింది.

ఏళ్ళు గడిచాయి. ధర్మారావుగారు కొత్త కంప్యూటరు కొన్నారు. చుట్ట విప్పే విద్య ఇప్పుడు ప్రాసెసర్లకే పుట్టుకతో వస్తోంది, నాబోటివాళ్ళు విడిగా అక్కర్లేదు. నన్ను ఊడదీసి, దుమ్ము ఊది, బల్ల మీద పెట్టారు. కొత్తదానిలో ఆయన మొదట వేసింది ఆ వీడియోనే. వేళ్ళు జారకుండా వస్తున్నాయో లేదో చూసుకున్నారు. ఈసారి అంకె వైపు చూడలేదు. ఆరోజు నూకరత్నం అక్కడే కుర్చీలో కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతోంది. ఆయన ఆమె ఎదుటికి వెళ్ళి, 'చూస్తావా?' అని చేతులతో అడిగారు.

ఆమె సూది జాకెట్టుకు గుచ్చి, చేతులు ఖాళీ చేసుకుంది.

"వద్దు. చూస్తే జవాబు చెప్పాలనిపిస్తుంది" అంది. మళ్ళీ సూది తీసుకుంది.

నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఇప్పుడు జగన్నాథపురం వంతెన అవతల ఒక షెడ్డులో, నాలాంటి ఆకుపచ్చ పలకల గుట్టలో ఉన్నాను. మాలో ఉన్న రవ్వంత రాగి కోసం, బంగారం కోసం ఇవాళో రేపో కరిగిస్తారట. నాలో మరిచిపోవడానికి ఏమీ లేదు. మాకు దాచుకునే గుణం లేదు, వచ్చిన బొమ్మను వచ్చినట్టే పంపేస్తాం. అయినా ఈ గుట్టలో పడుకుని ఉంటే, ఒక ఆదివారం పొద్దున్న టీవీ ఎదురుగా కొత్త చీర కట్టుకుని కూర్చున్న మనిషే కనబడుతోంది. నేను ఆమెకు ఎదురుగా, జానెడు దూరంలో, పెట్టె లోపల చల్లగా, ఏ పనీ లేకుండా ఉన్నాను.